నాన్నగారి మొదటి కంప్యూటర్‌కి విండోసా, లినక్సా?

సందేహం: మా నాన్నగారు ఈ మధ్యే రిటైరయ్యారు. ఫోన్ బాగానే వాడతారు గానీ కంప్యూటర్ ఎన్నడూ ముట్టలేదు. ఇప్పుడు నేర్చుకుంటానంటున్నారు. ఇంట్లో 2016లో కొన్న లాప్‌టాప్ ఒకటి ఊరికే పడి ఉంది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. విండోస్ 11 పెట్టబోతే కుదరదంటోంది. తమ్ముడేమో లినక్స్ వేసేద్దామంటాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి అది కష్టమని నా భయం. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు మీ తమ్ముణ్ని ఒక మాట అడగండి. రాత్రి తొమ్మిదింటికి నాన్నగారికి ప్రింట్ రాకపోతే ఫోన్ ఎత్తేది ఎవరు? ‘నేనే’ అంటే నా ఓటు కూడా లినక్స్‌కే. ‘అన్నయ్యని అడగమను’ అంటే మాత్రం ఆలోచించాలి. కంప్యూటర్ ముందు తొలిసారి కూర్చునే మనిషికి ఏ ఓఎస్ (విండోస్, లినక్స్ లాంటి, కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్) అన్నదానికన్నా, పక్కన కూర్చుని చూపించేవాళ్లకి ఏది బాగా వచ్చు అన్నదే ముఖ్యం.

ఇక మీ భయం సంగతి. లినక్స్‌తో ఎక్కువగా తికమకపడేది ఏళ్ల తరబడి విండోస్ వాడినవాళ్లే. చెయ్యి పాత చోటికే పోతుంది, అక్కడ ఉండాల్సింది ఉండదు. నాన్నగారికి ఆ పాత అలవాటే లేదు కాబట్టి ఆయనకు రెండూ ఒకేలా కొత్త. ఆయన చేయబోయే పనులు చూడండి: మెయిల్, యూట్యూబ్, వార్తలు, వీడియో కాల్స్, వాట్సాప్ వెబ్, అప్పుడప్పుడు ఒక ఉత్తరం టైప్ చేయడం. చివరిది తప్ప అన్నీ బ్రౌజర్‌లోనే అయిపోతాయి. ఫైర్‌ఫాక్స్ ఎక్కడైనా ఫైర్‌ఫాక్సే. ఉత్తరానికి లిబ్రే ఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

విండోస్ 10ని అలాగే వాడుకోమని ఎందుకు చెప్పనంటే, దానికి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లు విడిగా నమోదు చేసుకుంటే మరో ఏడాది అదనపు రక్షణ ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. ఇప్పుడే నేర్చుకోవడం మొదలుపెట్టే మనిషిని గడువు లెక్కపెట్టుకునే ఓఎస్ మీద కూర్చోబెట్టడం దేనికి?

విండోస్ 11 కుదరకపోవడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. ఒకటి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్. కొన్ని లాప్‌టాప్‌లలో ఇది ఉండి కూడా బయోస్‌లో (ఆన్ చేయగానే, ఓఎస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. రెండోది ప్రాసెసర్. ఇంటెల్ అయితే కొద్దిపాటి మినహాయింపులు తప్ప 8వ తరం నుంచే విండోస్ 11 ఒప్పుకుంటుంది. ఆ తరం బయటికి వచ్చిందే 2017లో. అంటే 2016లో కొన్న మీ లాప్‌టాప్‌కి ఆ దారి మూసుకుపోయినట్టే. అడ్డదారిలో ఎక్కించే చిట్కాలు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. కానీ అలా ఎక్కించినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. మీ సొంత ప్రయోగాలకి చేసుకోండి, నాన్నగారి మీద వద్దు.

లినక్స్‌లో ఏది అంటే నేను చెప్పేది లినక్స్ మింట్. కింద ఒక ప్యానెల్, ఎడమ మూల మెనూ, గందరగోళం ఉండదు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి. 4 జీబీ ర్యామ్ కాబట్టి మింట్‌లోనే ఎక్స్ఎఫ్‌సీఈ అనే రకం తీసుకోండి, తేలిగ్గా నడుస్తుంది. వెంటనే ఇన్‌స్టాల్ చేసేయకండి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాన్నుంచే బూట్ చేస్తే (అంటే కంప్యూటర్‌ని స్టార్ట్ చేస్తే), హార్డ్ డిస్క్ జోలికి పోకుండానే మింట్ మొత్తం నడుస్తుంది. వైఫై తగులుతోందా, స్పీకర్లు పలుకుతున్నాయా, కెమెరా వస్తోందా, మీ ప్రింటర్ కదులుతోందా అన్నవి ఒక సాయంత్రం కూర్చుని చూసుకోండి. పెన్‌డ్రైవ్ మీద కాస్త నత్తనడకే, దాన్ని చూసి బెదరొద్దు. అంతా బాగుంటే పాత ఫొటోలూ ఫైళ్లూ వేరేచోట భద్రం చేసుకుని అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. ఖర్చు పెట్టగలిగితే హార్డ్ డిస్క్ తీసేయించి దాని చోట ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకం, వేగమైన డిస్క్ వేయించండి. ఏ ఓఎస్ మార్చినా రాని వేగం దాంతో వస్తుంది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఒకసారి మా పెద్దమ్మకి లినక్స్ పెట్టిచ్చి, పనిలో పనిగా నాకు నచ్చినట్టు ఐకాన్లన్నీ మార్చేసి, కింద ఉండాల్సిన ప్యానెల్‌ని పైకి తోశాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. వారం తర్వాత ఆవిడ ఏదో సాయానికి పక్కింటి అమ్మాయిని పిలిస్తే, ఆ పిల్ల కాసేపు వెతికి ‘ఇందులో ఏది ఎక్కడుందో నాకూ తెలియట్లేదు ఆంటీ’ అని వెళ్లిపోయిందట. వచ్చినది వచ్చినట్టే ఉంచమని మీ తమ్ముడికి చెప్పండి. అక్షరాల సైజు పెంచడం, తెలుగు కీబోర్డు జతచేయడం, ఈ రెండు మార్పులూ చాలు.

ఒక్క షరతు. నాన్నగారికి ఫలానా సాఫ్ట్‌వేరే కావాలి, అది విండోస్‌లోనే నడుస్తుంది అంటే ఇదంతా పక్కనపెట్టి విండోస్ 11తో వేరే కంప్యూటర్ చూసుకోండి.

సందేహం: మా అమ్మాయి కాలేజీలో చేరుతోంది. తనకిది మొదటి లాప్‌టాప్. మ్యాక్, విండోస్, క్రోమ్‌బుక్‌లలో ఏది కొనాలి?

జవాబు: కాలేజీ వాళ్లు ఏ సాఫ్ట్‌వేర్లు వాడిస్తారో కనుక్కోకుండా కొనొద్దు. ఇంజినీరింగ్ డ్రాయింగ్, డిజైన్ ప్యాకేజీలు కొన్ని విండోస్‌లో తప్ప నడవవు. అలాంటి ఇబ్బంది లేకపోతే మ్యాక్ మంచిదే. కాకపోతే ర్యామ్ తర్వాత పెంచుకోవడం కుదరదు, కొనేటప్పుడే చూసుకోవాలి. చవగ్గా వస్తోందని ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న పాత మ్యాక్ తీసుకోకండి. 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టాహోతోనే వాటికి కొత్త వెర్షన్లు ఆఖరు.

క్రోమ్‌బుక్ అంటే గూగుల్ వారి క్రోమ్ఓఎస్‌తో నడిచే లాప్‌టాప్; రాతకోతలకీ చదువుకీ హాయిగా ఉంటుంది. పదేళ్ల అప్‌డేట్లు అంటారు గానీ ఆ పదేళ్లు మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్‌కి ఆధారమైన హార్డ్‌వేర్ తొలిసారి విడుదలైనప్పటి నుంచి. కొనేముందు ఆ మోడల్‌కి అప్‌డేట్లు ఎప్పటిదాకా అన్నది చూడండి.

సందేహం: లినక్స్‌కి వైరస్ రాదట, నిజమేనా?

జవాబు: తక్కువ, అంతే. ‘మీ కంప్యూటర్‌కి వైరస్ సోకింది, వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని బ్రౌజర్‌లో కేకలేసే పేజీకి మీది ఏ ఓఎస్ అయినా ఒకటే. అది వచ్చినప్పుడు ఫోన్ చేయకుండా ఆ ట్యాబ్ మూసేయాలని, మూసుకోకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకోవాలని మొదటి రోజే నేర్పండి.