21వ రోజు అందరికీ ఒకటే కాదు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. 14 నెలలుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నెలసరి 35 రోజులకొకసారి క్రమంగా వస్తుంది. నెలసరి మొదలైన 21వ రోజున చేసిన రక్తపరీక్షలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ 0.8 ఉంది, అండం విడుదల కావడం లేదన్నారు. ఆ తర్వాత సరిగ్గా రెండు వారాలకు నెలసరి వచ్చింది. అండాల నిల్వను సూచించే హార్మోన్ ఏఎంహెచ్ 1.1, పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్ 31. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నాను. మావారికి ఏ పరీక్షా చేయలేదు. నాకిక పిల్లలు పుట్టరా? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రక్తం ఇచ్చిన రెండు వారాలకు నెలసరి వచ్చిందని రాశారు చూడండి, ఆ ఒక్క వాక్యం మీ రిపోర్టు అర్థాన్నే మార్చేస్తుంది.

అండం విడుదలయ్యాక, అది ఉన్న చోట మిగిలే చిన్న గ్రంథి ప్రొజెస్టిరాన్‌ను తయారుచేస్తుంది. వారం రోజులకు అది బాగా పెరుగుతుంది, గర్భం రాకపోతే మరో వారంలో పడిపోయి నెలసరి వస్తుంది. 28 రోజుల చక్రం ఉన్నవారికి 14వ రోజు ప్రాంతంలో అండం వస్తుంది కాబట్టి 21వ రోజున చూస్తారు. మీది 35 రోజుల చక్రం. మీకు అండం విడుదలయ్యేదే 21వ రోజు చుట్టుపక్కల! ఆ రోజున 0.8 ఉండటంలో వింత లేదు. 28వ రోజున మళ్లీ చేయించండి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే. ఆ తర్వాత నెలసరి ఏ తేదీన వచ్చిందో రిపోర్టు మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి. సుమారు వారానికి వస్తే పరీక్ష సరైన రోజున జరిగిందన్నమాట. తేదీ లేని హార్మోన్ రిపోర్టును నేను చదవడానికే ఒప్పుకోను.

ఇక ఏఎంహెచ్. మీ వయసుకు 1.1 కాస్త తక్కువే, దాచను. కానీ అది అండాశయంలో మిగిలిన అండాల నిల్వకు ఒక అంచనా మాత్రమే. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ పద్ధతి)లో ఇంజెక్షన్లకు ఎన్ని అండాలు రావచ్చో చెబుతుంది. నెలకు విడుదలయ్యే ఆ ఒక్క అండం మంచిదా కాదా అన్నది చెప్పదు. సహజంగా ప్రయత్నిస్తున్న 30–44 ఏళ్ల స్త్రీలపై 2017లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఏఎంహెచ్ తక్కువ ఉన్నవారికీ మామూలుగా ఉన్నవారికీ గర్భం వచ్చే అవకాశంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆశ వదులుకోవద్దు, ఆలస్యమూ చేయవద్దు.

ప్రొలాక్టిన్ 31 కాస్త ఎక్కువే. కానీ అది కంగారు వల్ల, వాంతులకు వాడే డోంపెరిడోన్ మాత్ర వల్ల కూడా పెరుగుతుంది. ఉదయం లేచిన రెండు మూడు గంటలకు, కాసేపు నెమ్మదిగా కూర్చున్నాక రక్తం ఇవ్వండి. బయోటిన్ మాత్రలు కొన్ని యంత్రాల్లో హార్మోన్ లెక్కలను తప్పుగా చూపిస్తాయి. వాటిని కనీసం రెండు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి. అప్పుడే టీఎస్‌హెచ్ కూడా మరోసారి చూడాలి.

నన్ను నిజంగా బాధపెట్టింది మీవారి గురించి మీరు రాసిన మాట. 14 నెలల్లో మీ చేతికి ఇన్నిసార్లు సూది గుచ్చారు, మీవారికి ఒక్క పరీక్షా లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో పురుషుడి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్షకు సూదీ లేదు, నొప్పీ లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి, నమూనాను గంటలోపు ల్యాబుకు అందించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 లెక్క ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల శుక్రకణాలు, ముందుకు కదిలేవి 30 శాతం అన్నవి కింది హద్దులు. ఏడాదిలోపు భార్య గర్భవతి అయిన పురుషుల్లో నూటికి 95 మందికి అంతకన్నా ఎక్కువే ఉంటాయి. తక్కువ వచ్చినా ఒక్క రిపోర్టుతో తీర్పు చెప్పకూడదు. శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఈమధ్య గట్టి జ్వరం వచ్చి ఉంటే అదీ లెక్కలో కనిపిస్తుంది.

మీ 28వ రోజు వచ్చేలోపే ఆయన పరీక్ష పూర్తి కావాలి. రెండు రిపోర్టులూ తీసుకుని ఇద్దరూ కలిసే డాక్టరు దగ్గరకు వెళ్లండి. రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోకపోతే ఈ రోజే మొదలుపెట్టండి.