పళ్లకు స్కేలింగ్ (గార తీయడం) చేసేటప్పుడు గాల్లోకి లేచే తుంపరలతో ఇన్ఫెక్షన్ రాకుండా ఏం చేయాలి?

తుంపరను పుట్టినచోటే పట్టేయడం ముఖ్యం. పెదవి మూలన తగిలించే సన్నని ఉమ్మి గొట్టం ఇందుకు చాలదు. అది నీళ్లను లాగుతుంది తప్ప గాలిని పెద్దగా లాగదు. కనీసం 8 మిల్లీమీటర్ల నోరున్న హై వాల్యూమ్ సక్షన్ (గాలిని కూడా బలంగా లాగే గొట్టం) కావాలి. అసిస్టెంట్ దాన్ని స్కేలర్ (గార తీసే పరికరం) మొనకు సుమారు 1 సెంటీమీటరు దూరంలో, మొనతోపాటే కదుపుతూ ఉండాలి. అసిస్టెంట్ లేకుండా చేస్తే పొరపాటు జరిగేది ఇక్కడే.

ఫిల్లింగ్, రూట్ కెనాల్ అయితే రబ్బర్ డ్యామ్ (చికిత్స చేసే పన్ను మాత్రమే బయటికి ఉండేలా కప్పే రబ్బరు షీటు) వేయాలి. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే బాక్టీరియా తగ్గుతుంది. వైరస్‌ల విషయంలో దాన్ని నమ్ముకోవద్దు.

మామూలు స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది. గదిలో గాలి గంటకు 6 సార్లు మారితే, పని ఆగాక 99 శాతం కణాలు పోవడానికి 46 నిమిషాలు, 12 సార్లు మారితే 23 నిమిషాలు పడుతుంది. అందాకా ఎన్95 మాస్క్ తీయొద్దు.