ఆర్థో వార్డులో చేరబోతున్న మా బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. కాకినాడలో నీకు స్టాఫ్ నర్సుగా పోస్టు వచ్చిందట, ఒకటో తారీకున చేరుతున్నావట. మన ఇంట్లో నా తర్వాత యూనిఫాం వేసుకునేది నువ్వే. వినగానే కాసేపు నోట మాట రాలేదు. పెట్టేసే ముందు "ఆర్థో వార్డులో వేశారక్కా" అన్నాడు. ఎముకలు విరిగినవాళ్ల వార్డు అది, ఇంక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అని తప్పించుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకు. గుచ్చుకుంటే సబ్బుతో కడిగి వెంటనే పైవాళ్లకి చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటలు దాటితే మొదలుపెట్టరు, ఎంత ముందు పడితే అంత మంచిది. మడమ వెనక పట్టీ ఉన్న, తడి నేల మీద జారని చెప్పులు కొనుక్కో.

ఇక నీ నడుము సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం.

నీది నా ఒళ్లే. వెడల్పాటి భుజాలు, నిండైన మనిషివి. చేరిన మొదటి వారంలోనే చూడు, "నువ్వు దిట్టంగా ఉన్నావు కదా, ఇటు ఓ చెయ్యి వెయ్యి" అంటారు. నన్నూ అలాగే పిలిచేవారు. నాలుగు వార్డుల అవతల నుంచి కబురొచ్చేది. అది మెచ్చుకోలు అనుకుని మురిసిపోయి పరిగెత్తేదాన్ని. ఒళ్లు ఉన్నంత మాత్రాన నడుముకి బలం ఉన్నట్టు కాదమ్మా. మంచం మీదికి వంగినప్పుడు నడుం మోసేది రోగిని ఒక్కడినే కాదు, నడుం పైన ఉన్న మన ఒంటిని కూడా. మన బరువులో సగానికి పైగా అక్కడే ఉంటుంది. పొట్ట ముందుకుంటే రోగి మనకి అంత దూరంలో ఉంటాడు. చేపల బుట్ట చంకన పెట్టుకుంటే ఎంత తేలికో, చెయ్యి చాచి పట్టుకుంటే ఎంత బరువో నీకు తెలుసు కదా, ఇదీ అంతే.

1999లో, వానాకాలం. ఆడవాళ్ల వార్డులో నాది నైట్ డ్యూటీ. లంక ఊరి నుంచి ఒక పెద్దావిడని పంటు మీద ఏరు దాటించి తీసుకొచ్చారు. పక్షవాతం, కుడి పక్క పడిపోయింది. ఎనభై అయిదు కిలోలు తక్కువ ఉండదు. రాత్రి రెండున్నరప్పుడు దాహం అంది. చూస్తే మంచం కిందికి జారిపోయి ఉంది. ఎఫ్‌ఎన్‌వో (వార్డు ఆయా) టీ తాగడానికి వెళ్లింది, అయిదు నిమిషాల్లో వచ్చేస్తుంది. కూతురు వరండాలో పడుకుని ఉంది. ఆ పిల్లని లేపొచ్చు. మూడు రోజులుగా నిద్ర లేదు పాపం, ఎందుకులే అనుకున్నాను. నా ఒంటి మీద నాకున్న ధీమా అలాంటిది.

ఆవిడ చంకల కింద చేతులు పెట్టాను. ఆవిడ బాగున్న ఎడం చేతిని నా మెడ చుట్టూ వేసేసింది. మట్టిగాజులు మెడ నరం మీద ఒత్తుకోవడం ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటుంది. ఆ మంచం చక్రాలకి బ్రేకుల్లేవు, ఇటుక ముక్క అడ్డం పెట్టేవాళ్లం. అది ఎప్పుడు జారిందో చూసుకోలేదు. పైకి లాగేసరికి మంచం అవతలికి పోయింది, ఆవిడ నా మెడకి వేలాడింది. ఆవిడని మెల్లగా నా తొడ మీంచి నేల మీదికి దించేసి ఉంటే ఇద్దరికీ ఏమీ అయ్యేది కాదు. "నా చేతిలో రోగి కింద పడడమా" అని బిగపట్టి, పక్కకి తిరిగి మంచం మీదికి తోశాను. నడుంలో కలుక్కుమంది. ఆవిడకి నీళ్లు పట్టాను. పొద్దున్న ఏడింటి దాకా మందులు ఇచ్చాను, బీపీలు చూశాను. ఎవరికీ చెప్పలేదు. రిజిస్టర్లో రాయలేదు.

మూడో నాటికి ఎడం కాలి బొటనవేలి దాకా తిమ్మిరి. స్కాన్లో నడుం పూసలు ఎల్4, ఎల్5 మధ్య డిస్క్ జారిందని తేలింది. సెలవు అడగడానికి వెళితే ఆసుపత్రి పెద్దాయన నన్ను కింద నుంచి పైదాకా చూసి "ముందు ఒళ్లు తగ్గించమ్మా" అన్నాడు. డ్యూటీలో జరిగిందనడానికి నా దగ్గర ఒక్క అక్షరం లేదు. పైగా ఆయన అన్నదే నిజమని నమ్మాను. ఒంటిపూట తిండి తిని, నైట్లు చేసి, ఒకరోజు మందుల ట్రాలీ పక్కనే కళ్లు తిరిగి పడ్డాను. తొమ్మిది కిలోలు తగ్గాను, నొప్పి అలాగే ఉంది. ఆ ఇటుక సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

అందుకని రెండు వైపులా చెబుతున్నాను. బరువు సంగతి తేలిక కాదు. మనవాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని మన డాక్టర్లే లెక్క పెట్టారు. అయిదడుగుల రెండంగుళాలకి ఆ 25 అంటే 62 కిలోలు. నువ్వు 74 ఉన్నావని మీ అమ్మ చెప్పింది. కోప్పడడం లేదు తల్లీ. నైట్ డ్యూటీ వార్డులో ఒళ్లు ఎలా వస్తుందో నాకు తెలుసు. రెండింటికి టీ, బజ్జీలు, డిశ్చార్జయిన ప్రతివాళ్లూ తెచ్చే తాపేశ్వరం కాజాలు. డబ్బాలో పెరుగన్నమో ఉప్మానో తీసుకెళ్లు, పగలు నిద్ర మానుకోకు, మెల్లగా తగ్గు. కానీ ఎవరైనా తప్పంతా నీ ఒంటి మీదికే తోస్తే ఊరుకోకు. సన్నటి పిల్లల నడుములూ పోయాయి నా కళ్ల ముందే.

అమెరికాలో పని భద్రత చూసే నియోష్‌ సంస్థ శాస్త్రవేత్త ఒకాయన 2007లో లెక్క కట్టాడు: అంతా సవ్యంగా ఉన్నా, రోగి విషయంలో ఒక మనిషి చేత్తో ఎత్తే బరువు 16 కిలోలు దాటకూడదని. మన ఇంట్లో బియ్యం బస్తా పాతిక. ఎనభై అయిదు కిలోల మనిషి కాలు ఒక్కటే పదమూడు పైన తూగుతుంది, దానికి పీవోపీ పిండికట్టు వేశాక చూసుకో. ఆర్థోలో అదే నీకు రోజూ పని! కాలు ఎత్తి పట్టుకోమంటే కూడా ఇంకొకరిని పిలువు. బెడ్డు నీ నడుం ఎత్తుకి లేపు, బ్రేకు కాలితో తొక్కి చూడు, రోగి కింద డ్రా షీట్, అంటే అడ్డంగా పరిచే మడత దుప్పటి, వేసి ఇద్దరు చెరో పక్క పట్టుకుని జరపండి, ఎత్తొద్దు. మెడ మీద మాత్రం ఎవరి చెయ్యీ వెయ్యనివ్వకు, ఎంత ముసలమ్మైనా సరే. నడుం కలుక్కుమంటే ఆ షిఫ్టులోనే టైము, బెడ్ నంబరు వేసి కాగితం రాసిచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకో. ఎవరేమనుకుంటారో అని చూడకు.

ఆదివారం మీ అమ్మని తీసుకుని అంబాజీపేట రా. కొబ్బరన్నం చేస్తాను. తిన్నాక నేను మంచం మీద పడుకుంటాను, పాత దుప్పటి నాలుగు మడతలు వేసి నా కింద వెయ్యండి. నువ్వొక పక్క, మీ అమ్మ ఒక పక్క పట్టుకుని నన్ను తలగడ దాకా జరపాలి. ఒకటి, రెండు, మూడు నువ్వే లెక్కపెట్టాలి.

నీ అత్త