డాక్టర్ సలహా: బడిలో వంద గ్రాముల బియ్యమే లెక్క అంటున్నారు, మా వాడికి అది చాలుతుందా?

ప్రశ్న: మాది పల్నాడు ప్రాంతంలోని ఒక పల్లె. మా అబ్బాయికి మొన్ననే పదేళ్లు నిండాయి, ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుతున్నాడు. ఎత్తు 132 సెంటీమీటర్లు, బరువు 24 కిలోలు. మధ్యాహ్నం బడిలోనే తింటాడు. మారు అన్నం అడిగితే, తలకు వంద గ్రాముల బియ్యమే లెక్క అని చెప్పి పెట్టడం లేదట. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో దీని మీద పెద్ద వాదనే జరిగింది. పిల్లల కంచంలో కూడు కొలవడం ఏమిటని కొందరు, అన్నం ఎక్కువ తింటే రేపు షుగర్ వస్తుంది కాబట్టి తగ్గించడమే మంచిదని మరికొందరు అన్నారు. బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయని వంటావిడ వాటిని ఏరి పారేస్తున్నారు. మా అమ్మాయికి పదమూడేళ్లు, హైస్కూల్లో ఎనిమిదో తరగతి. ఎప్పుడూ నీరసమంటుంది, బడిలో ఇచ్చే నీలం మాత్ర వికారమని వేసుకోదు. పిల్లలకు అసలు ఎంత పెట్టాలో, మేము ఏం అడగాలో చెప్పగలరు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ సమావేశంలో వాదించుకున్న రెండు వర్గాల వారూ అన్నం గురించే మాట్లాడారు. నేను అక్కడ ఉంటే పప్పు గురించి అడిగేవాణ్ణి. ఎందుకో చెప్పే ముందు, ఆ వంద గ్రాముల లెక్క ఏమిటో చూద్దాం.

బడుల్లో వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ భోజనంలో ఎంత శక్తి, ఎంత ప్రోటీన్ ఉండాలో 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టంలో రాశారు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పూటకు 450 కిలో క్యాలరీలు, 12 గ్రాముల ప్రోటీన్. ఆరు నుంచి ఎనిమిది వరకు 700 కిలో క్యాలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అందాలి. వీటిని అందించడానికి చిన్న తరగతుల పిల్లలకు తలా 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. పెద్ద తరగతుల వారికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె అని కొలతలు పెట్టారు. ఇవన్నీ వండక ముందు బరువులు. వంద గ్రాముల బియ్యం ఉడికితే సుమారు 250 నుంచి 300 గ్రాముల అన్నం అవుతుంది. మీ సమావేశంలో ఎవరో వండిన అన్నాన్నే వంద గ్రాములుగా భావించి ఉంటే, వాదన సగం అక్కడే తేలిపోతుంది.

ఇక ముఖ్యమైన విషయం. ఆ వంద గ్రాములు బడికి సరుకు విడుదల చేయడానికి వేసుకున్న సగటు లెక్క మాత్రమే, ఒక్కొక్క పిల్లవాడి ఆకలికి గీసిన గీత కాదు. ఒకటో తరగతి పిల్లకు, మీ అబ్బాయికి ఆ లెక్క ఒకటే. కానీ హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో భారత వైద్య పరిశోధన మండలితో కలిసి ఇచ్చిన అంచనాల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు రోజుకు సుమారు 1,360 కిలో క్యాలరీలు అవసరమైతే, పది నుంచి పన్నెండేళ్ల అబ్బాయికి 2,220 కావాలి. ఆరేళ్ల పిల్ల తన వాటా అన్నం మొత్తం తినలేదు. నాలుగు ముద్దలకే కంచం పక్కకు జరుపుతుంది. ఆ మిగిలినది పదేళ్ల వాడి మారు వడ్డనకు వస్తుందనే ఏ బడిలోనైనా అనుభవమున్న వంటవారు వండుతారు. అందరికీ ఒకే గరిటె కొలత పెట్టి, చివరికి గిన్నెలో మిగిలిన అన్నాన్ని పారబోసే చోట నియమం పాటించినట్టు కనిపిస్తుంది గానీ, నియమం పెట్టిన ఉద్దేశం నెరవేరదు.

మీరు ఎత్తు, బరువు రాసి చాలా మంచి పని చేశారు. 24 కిలోలను మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే, అంటే 1.32తో ఒకసారి, మళ్లీ 1.32తో ఇంకొకసారి, 13.8 వస్తుంది. ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే ఈ అంకెనే బీఎంఐ అంటారు. పెద్దవాళ్లకు చెప్పే 18.5, 23 వంటి హద్దులు పిల్లలకు వర్తించవు, వయసును బట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో పదేళ్లు నిండిన అబ్బాయికి నడిమి విలువ 16.4, సన్నదనం మొదలయ్యే హద్దు 13.7. మీవాడు ఆ హద్దుకు వెంట్రుకవాసి పైన ఉన్నాడు. ఎత్తు మాత్రం వయసుకు తగ్గ పరిధిలోనే ఉంది, కాబట్టి ఏళ్ల తరబడి ఎదుగుదల కుంటుపడిన బిడ్డలా లేడు; ఈ మధ్య కాలంలో శరీరానికి చేరుతున్నది చాలడం లేదని నా అనుమానం. ఇలాంటి అబ్బాయి మారు అన్నం అడిగితే పెట్టాలి. అతనికి అన్నం ఎక్కువై షుగర్ వస్తుందన్న భయం పెట్టుకోనక్కరలేదు. ఆ మాట బరువు పెరిగిపోయి, ఆటలు లేక, సాయంత్రం కూల్ డ్రింకులూ చిప్సూ తినే పిల్లల విషయంలో ఆలోచించవలసిన మాటే, 24 కిలోల పిల్లవాడి కంచం దగ్గర అనవలసింది కాదు.

అయితే అన్నం తగ్గించమన్న వారి మాటలో ఒక సత్యం ఉంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కిలో క్యాలరీలు వస్తాయి, ప్రోటీన్ మాత్రం ఏడెనిమిది గ్రాములే. చట్టం చెప్పిన 12 గ్రాములకు చేరాలంటే మిగతాది పప్పే ఇవ్వాలి. బియ్యం, పప్పు కలిసినప్పుడు ఒకదానిలో తక్కువైన అమైనో ఆమ్లాలను, అంటే ప్రోటీన్‌లోని భాగాలను, ఇంకొకటి పూరిస్తుంది కాబట్టి, పప్పన్నం విలువ విడివిడిగా కొలిచిన దానికంటే ఎక్కువ. గుడ్డు పెట్టే రోజున ఇంకో ఆరు గ్రాములు తోడవుతాయి. అన్నం తగ్గించడం ఎవరికైనా సులువే; ఆ తగ్గించిన చోట పప్పు, ఆకుకూర నిజంగా పెరిగాయా అన్నదే అసలు ప్రశ్న. పెరగకపోతే బిడ్డకు రెండు వైపులా నష్టం.

మీ బడిలో ఒక రోజు 60 మంది తిన్నారనుకోండి. లెక్క ప్రకారం ఆ రోజు 6 కిలోల బియ్యం, ఒక కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె పొయ్యి దగ్గరకు చేరాలి. ముద్దపప్పు చేసిన రోజున పప్పు తక్కువైతే ఎవరికైనా కంటికి కనిపిస్తుంది. సాంబారు రోజున కనిపించదు. అరకిలో పప్పే వేసి నీళ్లు పెంచినా అందరికీ గరిటె నిండుగానే పడుతుంది, పసుపు, చింతపండు, పోపు రుచి ఎలాగూ ఉంటాయి. కానీ తలకు అందేది ఎనిమిది గ్రాముల పప్పే. ఒక్క పూటలో రెండున్నర గ్రాముల ప్రోటీన్ పోతుంది. అందుకే వచ్చే సమావేశంలో అన్నం ఎన్ని గరిటెలు అని కాకుండా, హాజరును బట్టి ఈ రోజు ఎంత పప్పు కడిగారని అడగండి. వడ్డించే ముందు కనీసం ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు రుచి చూడాలన్న నియమం ఉంది. తల్లులు వంతులవారీగా ఆ రుచి చూసే వారిలో ఉంటే, పప్పు తూకం వేసే సమయానికే వంటగది గడపలో ఒకరు ఉన్నట్టవుతుంది.

ఇది చదివి వంటావిడ మీద విరుచుకుపడవద్దని మనవి. 2025 మే 1 నుంచి అమల్లో ఉన్న రేటు ప్రకారం చిన్న తరగతుల పిల్లలకు తలా 6 రూపాయల 78 పైసలు, పెద్ద తరగతుల వారికి 10 రూపాయల 17 పైసలు వంట ఖర్చుగా లెక్కగడతారు. బియ్యం, గుడ్డు దీనిలో లేవు. పప్పు, కూరగాయలు, నూనె, పోపు దినుసులు, గ్యాసు అన్నీ ఇందులోనే. కందిపప్పు కిలో 120 రూపాయలనుకుంటే 20 గ్రాములకే 2 రూపాయల 40 పైసలు అయిపోతాయి. టమాటా ధర మండిన నెలలో మిగతా నాలుగు రూపాయల చిల్లరతో నూనె, కూర, గ్యాసు సరిపెట్టడం ఎలాగో ఇల్లు నడిపే మీకు నేను చెప్పనక్కరలేదు. బిల్లు ఆలస్యమైతే కొట్టు అప్పు కూడా ఆవిడ పేరు మీదే ఉంటుంది. పప్పు తగ్గిందంటే తప్పు ఎప్పుడూ గరిటె పట్టిన చేతిదే కానక్కరలేదు.

గుడ్డు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఐదు గుడ్లు ఇవ్వాలి, అవి కాక కొన్ని రోజులు రాగిజావ, కొన్ని రోజులు వేరుసెనగ చిక్కీ ఉంటాయి. మీ అబ్బాయి గుడ్డు అక్కడే తింటున్నాడో లేదో కనుక్కోండి. నా దగ్గరికి వచ్చిన ఒక తొమ్మిదేళ్ల పాప బరువు పెరగడం లేదని తల్లి ఎంతో దిగులుపడింది. పాపను ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగితే, రోజూ గుడ్డును రుమాల్లో చుట్టి ఇంట్లో ఉన్న మూడేళ్ల తమ్ముడి కోసం తీసుకుపోతున్నానని చెప్పింది. ఆ పాపను కోప్పడడానికి నాకు నోరు రాలేదు. అంగన్‌వాడీలో తమ్ముడి పేరు రాయించమని తల్లికి చెప్పి పంపాను.

బడి భోజనం ఎంత సక్రమంగా ఉన్నా, మీ అబ్బాయి రోజు అవసరంలో అది అయిదో వంతు మాత్రమే. మిగతా నాలుగు వంతులు ఇంటి నుంచే రావాలి. ఉదయం టీ, రెండు బిస్కెట్లతో బడికి వెళ్లే పిల్లవాడికి మధ్యాహ్నం వరకు కడుపు ఖాళీయే, ఆ ఆకలిని ఏ వంద గ్రాముల బియ్యమూ తీర్చలేదు. చద్దన్నంలో పెరుగు కలిపి పెట్టినా, రెండు ఇడ్లీలు పల్లీల పచ్చడితో పెట్టినా టీ బిస్కెట్ల కంటే ఎంతో మేలు. సాయంత్రం బడి నుంచి రాగానే ఒక గుప్పెడు వేయించిన వేరుసెనగ గుళ్లు, చిన్న బెల్లం ముక్క ఇవ్వండి; 30 గ్రాముల గుళ్లలోనే 170 కిలో క్యాలరీలు, ఏడు గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. రాత్రి చారన్నంతో సరిపెట్టే అలవాటు ఉంటే వారంలో నాలుగు రోజులైనా పప్పో, గుడ్డో, చేపో చేర్చండి.

ప్లాస్టిక్ గింజల విషయంలో మీ వంటావిడకు భరోసా ఇవ్వండి. అవి బలవర్ధకం చేసిన గింజలు. బియ్యపు పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 విటమిన్ కలిపి యంత్రంలో మళ్లీ బియ్యం ఆకారంలో ఒత్తి, వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. బరువు, రంగు కాస్త తేడాగా ఉండడం వల్ల కడిగేటప్పుడు కొన్ని పైకి తేలుతాయి, చూపుకు వింతగా ఉంటాయి. వాటిని ఏరి పారేయడమంటే రక్తానికి ఉపయోగపడే భాగాన్నే పారేయడం. బియ్యాన్ని ఒకటి రెండు సార్లకు మించి కడగకుండా, గంజి వార్చకుండా వండితే మంచిది. అయితే తలసేమియా, సికిల్ సెల్ వంటి రక్త వ్యాధులున్న పిల్లలు బడిలో ఎవరైనా ఉంటే, వారి తల్లిదండ్రులు ఈ బియ్యం గురించి చికిత్స చేస్తున్న డాక్టరును తప్పక అడగాలి.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది అబ్బాయి కంటే అమ్మాయి సంగతి. నెలసరి మొదలైన, వేగంగా ఎదుగుతున్న పదమూడేళ్ల పిల్లకు రోజుకు దాదాపు 30 మిల్లీగ్రాముల ఐరన్ అవసరం. అంత ఐరన్ మన అన్నం, చారు భోజనంలో దొరకదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి ఎప్పుడూ ఉండే నీరసాన్ని బద్ధకమనో, చదువు ఎగ్గొట్టే సాకనో అనుకోకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆమె వయసుకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. అప్పుడు బడిలో వారానికి ఇచ్చే ఒక మాత్ర చాలదు, డాక్టరు రోజూ వేసుకునే మందు రాస్తారు. ఎనిమిది లోపు ఉంటే ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ నీలం మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం, కడుపులో తిప్పడం సహజం. మధ్యాహ్న భోజనం తర్వాత, కావాలంటే నిమ్మకాయ నీళ్లతో వేసుకోమనండి. దానికి ముందూ వెనకా గంట సేపు టీ, పాలు వద్దు, అవి ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, మాత్ర వల్లే అలా ఉంటుంది. బడిలో ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్రను ఇద్దరు పిల్లలూ వేసుకోవాలి. పేగుల్లో కొంకి పురుగులుంటే మీరు పెట్టిన ఐరన్ వాటి పాలవుతుంది.

అబ్బాయిని ఇప్పుడు ఒకసారి, మూడు నెలల తర్వాత మరొకసారి, అదే కాటా మీద, చెప్పులు లేకుండా తూయించి తేదీతో సహా రాసుకోండి. అప్పటికి ఒక కిలో కూడా పెరగకపోతే ఆ చీటీతో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి; తరచుగా దగ్గు, జ్వరం, విరేచనాలు వస్తున్నా, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చి ఉన్నా మూడు నెలలు ఆగకుండానే వెళ్లండి. అప్పుడు కారణం తిండి ఒక్కటే కాకపోవచ్చు, పరీక్షలు అవసరమవుతాయి.