పిన్ను మార్చే ముందు బరువు సర్దు, అల్లుడూ

అల్లుడికి,

కొత్త ఫైబర్ బోటు, దానికి వెనక తగిలించే 9.9 హెచ్‌పీ మోటారు కొన్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వేగం పెంచేకొద్దీ ముక్కు పైకి లేస్తోందని, పరుగు రాకపోగా పెట్రోలు తెగ తాగేస్తోందని అన్నావట. పెద్ద మోటారు వేయించుకోమని ఎవరో సలహా కూడా ఇచ్చారట. ఆగు. రూపాయి ఖర్చు లేకుండా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది కాబట్టి బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది. ఈలోగా ఒక పని చెయ్యి. తిన్నటి చెక్క బద్ద ఒకటి తీసుకుని బోటు అడుగుకు ఆనించి, మోటారు దాకా వచ్చేలా పట్టుకో. నీళ్లలో తిరిగి బోటుని తోసే ఫ్యానుకి పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది కదా, అది ఆ బద్దకి సమంగా ఉండాలి, లేదా అంగుళం లోపు కిందికి ఉండాలి. మరీ పైకుంటే ఫ్యాను గాలి పీలుస్తుంది. మరీ కిందికుంటే ఆ ఇనుమంతా నీళ్లలో ఈడ్చుకుంటూ పోవడమే. ఈ ఎత్తు కుదరకపోతే, మోటారు వాలుని సర్దే పిన్ను ఏ బెజ్జంలో పెట్టినా ఒకటే.

ఇక బరువు. నీ బోటు ఫొటో మీ అమ్మ చూపించింది. పెట్రోలు డబ్బాలు, ఐసు పెట్టె, వల అన్నీ వెనకే. నువ్వూ, ఇంకొకడూ కూడా వెనకే. ముక్కు లేవక ఏం చేస్తుంది? ఐసు పెట్టెని నడిమికి జరుపు. వల కొంత ముందుకి సర్దు. రెండో మనిషిని ముందు చెక్క మీద కూర్చోబెట్టు. సగం జబ్బు దీంతోనే పోతుంది. ఆ తర్వాతే పిన్ను జోలికి వెళ్లు.

పిన్ను సంగతి నీకు సగమే తెలుసనిపిస్తోంది. మోటారు బ్రాకెట్‌కి నాలుగైదు బెజ్జాలుంటాయి. పిన్ను బోటు వైపు బెజ్జంలో ఉంటే మోటారు కాలు లోపలికి వస్తుంది, ఫ్యాను తోపు వెనక భాగాన్ని ఎత్తి ముక్కుని దించుతుంది. బయటి వైపు బెజ్జంలో ఉంటే దీనికి తిరగబడి, వెనక కుంగి ముక్కు లేస్తుంది. నీది బయటి బెజ్జంలో ఉందని నా అనుమానం. ఒక్క బెజ్జం లోపలికి జరిపి చూడు. రెండేసి బెజ్జాలు ఒకేసారి జరిపితే ఏది పనిచేసిందో తెలియదు. మార్చేటప్పుడు మోటారు ఆపి, పైకెత్తి, ఎత్తినది కిందికి జారకుండా లాక్ పడిందో లేదో చూశాకే చెయ్యి పెట్టు. పిన్ను రెండు పక్కలా ఒకే వరస బెజ్జంలో దూరాలి. పిన్నుకి నైలాన్ తాడు కట్టి బ్రాకెట్‌కి ముడి వెయ్యి. చెయ్యి జారి సముద్రంలో పడిన పిన్నుని వెతకడం ఎవరి వల్లా కాదు.

నిషేధం తీరాక మొదటిసారి కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ చాటున, కెరటం లేని చోట తోలి చూడు. ఇంజిన్ ఆపే తాడు మణికట్టుకి తగిలించుకో. మోటారు నువ్వు పట్టుకుని, రెండోవాణ్ణి వెనక్కి చూడమను, వంగకుండా. ఆ పలక నీళ్లకి వాలుగా కాకుండా సమాంతరంగా పోతుంటే పిన్ను కుదిరినట్టే. ముక్కు కప్పలా ఎగిరెగిరి పడుతుంటే ఇంకా బయటికి ఉన్నట్టు. ముక్కు నీళ్లు కోసుకుంటూ దిగిపోయి, హ్యాండిల్ బరువెక్కితే మరీ లోపలికి పోయినట్టు. మలుపులో మోటారు ఒక్కసారి కీచుమని అరిచి బోటు ముందుకు పోకపోతే ఫ్యాను గాలి పీల్చిందన్నమాట, వెంటనే వేగం తగ్గించు. మోటారు పక్కనుంచి నీళ్ల ధార సన్నబడకుండా వస్తోందో లేదో కూడా ఒక కన్నేసి ఉంచు. ధార ఆగితే మోటారు ఆపెయ్యి, లేదంటే వేడెక్కి పట్టేస్తుంది.

ఒక మాట సూటిగా చెప్తాను. నిండా లోడుతో ఉన్న బోటుని 9.9 మోటారు నీటిమీద తేలించి పరుగెత్తించలేదు. పట్నంలో జాలీ బోట్లు పోయినట్టు పోవాలని ఆశపడకు. ముక్కు ఒక మోస్తరుగా నిలిచి, వెనక కెరటం చిన్నదై, అంతే వేగానికి హ్యాండిల్ కొంచెం తక్కువ తిప్పితే సరిపోతోందంటే అదే నీ లాభం. పెట్రోలు మిగిలేది అక్కడే.

నేను ఎక్కువ భయపడేది తిరిగి వచ్చేటప్పుడు. ఎదురు కెరటానికి ముక్కు కాస్త దిగి ఉంటే దెబ్బ తగ్గుతుంది, అది నిజమే. కానీ వెనకనుంచి కెరటం తోస్తున్నప్పుడు ముక్కు దిగి ఉంటే అది నీళ్లలో గుచ్చుకుంటుంది, వెనక భాగం తిరిగి బోటు అడ్డం పడుతుంది. మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసే చోట, అలా జరిగితే బోల్తాయే. కాబట్టి చేప ఎంత పడినా ముందు భాగంలో పొయ్యకు. మొగ ఇంకా దూరంగా ఉండగానే, సముద్రంలో నీళ్లు నెమ్మదిగా ఉన్న చోటే బరువులు కాస్త వెనక్కి జరుపుకో, పిన్ను లోపలి బెజ్జంలో ఉంటే ఒకటి బయటికి వెయ్యి. మొగలోకి వచ్చాక మోటారు ఆపి పిన్ను మార్చడమన్న ఆలోచనే వద్దు.

హ్యాండిల్ ఒక పక్కకి లాగుతోందని కూడా అన్నావట. ఫ్యాను పైన, ఆ పలక కింద చిన్న రెక్క లాంటిది ఉందేమో చూడు. ఉంటే బోల్టు వదులు చేసి, బోటు కుడికి పోతుంటే రెక్క వెనక కొసని కుడికే కాస్త తిప్పి బిగించు. ఎడమకి పోతుంటే ఎడమకి. చాలా మోటార్లకి ఆ రెక్కే మోటారుకి బదులు తాను తుప్పు తినే జింకు ముక్క కూడా, దానికి రంగు వెయ్యకు.

మొదటి వేట అయ్యాక ఫోన్ చెయ్యి. ఏ బెజ్జం, ఎంత లోడు, ఎన్ని లీటర్లు తాగింది, ఈ మూడూ కాగితం మీద రాసి పెట్టుకుని మరీ చెయ్యి.

మీ మామయ్య