ప్రతిదానికీ సుడో ఎందుకు?

అమ్మాయీ,

వర్చువల్‌బాక్స్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఉబుంటు లినక్స్ పెట్టుకుని విండోస్ ఫోల్డర్ ఒకటి షేర్ చేశానని, టెర్మినల్‌లో తెరవబోతే 'పర్మిషన్ డినైడ్' అంటోందని రాశావు. అందుకని ప్రతి కమాండ్ ముందూ సుడో (అడ్మిన్ హక్కులతో నడిపించే మాట) తగిలించి నెట్టుకొస్తున్నావట. ఆ ముక్క చదివాకే ఈ ఉత్తరం రాయబుద్ధయింది.

ఆటో మౌంట్ (ఫోల్డర్‌ను దానంతటదే ఉబుంటులో జోడించే ఆప్షన్) పెట్టావు కాబట్టి ఫోల్డర్ 'మీడియా' డైరెక్టరీలోనే ఉంది. దాని పేరుకు ముందు 'ఎస్‌ఎఫ్', ఒక అండర్‌స్కోర్ చేరి ఉంటాయి. దాని యజమాని రూట్ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్ ఖాతా), గ్రూపు 'వీబాక్స్‌ఎస్‌ఎఫ్'. మిగతావారికి తొంగిచూసే వీలు కూడా ఉండదు. నువ్వు ఆ గ్రూపులో లేవు, జబ్బంతా అదే. సుడోతో లోపలికి వెళ్లవచ్చు, నిజమే. కానీ అలా నీ హోమ్‌లోకి కాపీ చేసుకున్న ఫైళ్లు రూట్ సొత్తయిపోతాయి. రేపు వాటిని దిద్ది సేవ్ చేయబోతే మళ్లీ అదే గొడవ.

సుడో ఒక్కసారి వాడు, గ్రూపులో చేరడానికి. 'యూజర్‌మాడ్' రాసి, హైఫన్, చిన్న 'ఏ', పెద్ద 'జీ', తర్వాత గ్రూపు పేరు, చివర నీ యూజర్ పేరు. ఆ చిన్న 'ఏ' మాత్రం మరవకు. ఒకసారి నేను మరిచిపోయాను. పాత అదనపు గ్రూపులన్నీ ఊడిపోయాయి, వాటితోపాటు సుడో హక్కూ పోయింది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచేసుకునేసరికి తెల్లవారింది. చేరాక టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు, లాగ్ అవుట్ అయి మళ్లీ రావాలి. 'ఐడీ' అని కొడితే గ్రూపులో ఉన్నావో లేదో తెలుస్తుంది.

ఫోల్డర్ వేరేచోట కావాలంటే ముందు అక్కడ ఖాళీ డైరెక్టరీ సృష్టించి, 'మౌంట్' కమాండ్‌కు హైఫన్ 'టీ' పక్కన 'వీబాక్స్‌ఎస్‌ఎఫ్' అని రకం చెప్పు (దీనికీ సుడో కావాలి). ఆ తర్వాత ఇవ్వాల్సింది విండోస్‌లోని దారి కాదు, సెట్టింగ్స్‌లో షేర్‌కు నువ్వు పెట్టిన పేరు. చాలామంది తడబడేది ఇక్కడే. పేరు తప్పయితే 'ప్రొటోకాల్ ఎర్రర్' అంటుంది, ఆ మాట విని నెట్‌వర్క్‌ను అనుమానించకు. ఫైల్ సిస్టమ్ రకమే తెలియదంటే గెస్ట్ అడిషన్స్ (ఉబుంటు లోపల వేసుకునే వర్చువల్‌బాక్స్ సహాయక సాఫ్ట్‌వేర్) సరిగా ఎక్కలేదని అర్థం. కెర్నల్ (లినక్స్ మూల భాగం) అప్‌డేట్ తర్వాత కూడా ఇలా జరగవచ్చు, అప్పుడు వాటిని మళ్లీ ఇన్‌స్టాల్ చేయి. ఇలా చేత్తో మౌంట్ చేసేటప్పుడు 'యూఐడీ', 'జీఐడీ' ఆప్షన్లలో నీ యూజర్, గ్రూపు నంబర్లు ఇస్తే ఫైళ్లు నీ పేరనే కనిపిస్తాయి. ఉబుంటులో మొదటి యూజర్ నంబర్ మామూలుగా 1000.

ప్రాజెక్టును మాత్రం షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి బిల్డ్ చేయకు. అక్కడ సింబాలిక్ లింకులు (వేరే ఫైలుకు దారి చూపే షార్ట్‌కట్‌లాంటివి) సృష్టించడం మామూలుగా కుదరదు, చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే నత్తనడకే. ఇంకొకటి, అందులో ఉన్నవి నకళ్లు కావు. టెర్మినల్‌లో 'ఆర్ఎం' కొడితే పోయేది విండోస్‌లోని అసలు ఫైలే, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. చదవడానికి మాత్రమే కావలసిన ఫోల్డర్లకు షేర్ చేసేటప్పుడే 'రీడ్ ఓన్లీ' టిక్ పెట్టు.

గ్రూపులో చేరాక కూడా తెరుచుకోకపోతే 'ఐడీ' చూపించినదంతా అలాగే కాపీ చేసి పంపు.

మీ బాబాయి