కొత్త థింక్‌ప్యాడ్ కోసం ఆగుతున్న మేనకోడలికి

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో తేలికైన ఎక్స్1 కార్బన్ ల్యాప్‌టాప్‌లో కొత్తది వస్తోందట, ఆగమంటావా మావయ్యా, ఉన్నది కొనెయ్యమంటావా అని అడిగావు. ఫోన్లో చెబితే నీకు నచ్చిన సగమే గుర్తుంటుంది. అందుకే రాస్తున్నాను.

ఆగు. కానీ ఆ ల్యాప్‌టాప్ ఎప్పుడొస్తే అప్పటిదాకా కాదు, ఒక తారీఖు పెట్టుకుని ఆ తారీఖు దాకా. నీకైతే ఆగస్టు 15 అనుకో. ఆ రోజుకి కొత్తది నీ పేరున బిల్లు చేసి ఇచ్చే డీలర్ వైజాగ్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ దొరికితే, దాని ధరా అప్పటికి దిగిన ఇప్పటిదాని ధరా పోల్చి చూసి ఒకటి తీసుకో. దొరక్కపోతే ఇప్పుడు అమ్ముతున్నదే తీసుకుని ఆ వార్తలు చూడటం మానెయ్యి.

ఆగస్టే ఎందుకంటే, సెప్టెంబరు 30కి టాక్స్ ఆడిట్ రిపోర్టులు ఎక్కించాలి. ఆ నెలలో కొత్త మెషీన్‌కి మారడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టుకుని కనీసం రెండు వారాలు నడపాలి. టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా, ప్రింటర్లు, మెయిల్, క్లయింట్ల ఫోల్డర్లు, డిజిటల్ సంతకం టోకెన్... ఒక్కొక్కటీ సరిగ్గా పనిచేస్తుందని చూసుకున్నాకే పాతదాన్ని పక్కన పెట్టాలి. రెండో కారణం తరుగుదల, అంటే కొన్న వస్తువు ధరలో ఏటా ఖర్చుగా చూపించుకునే వాటా. కంప్యూటర్లకు 40 శాతం ఇస్తారు, ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. అంటే అక్టోబరు మొదటి రోజులు దాటితే ఈ ఏడాదికి సగం పోయినట్టే. చార్టర్డ్ అకౌంటెంటుకి ఇది చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే గానీ, సొంత కొనుగోలు దగ్గరికొచ్చేసరికి మీవాళ్లే ఇవన్నీ మర్చిపోతారు.

ఇక 'రిలీజ్' సంగతి. కంపెనీలో ల్యాప్‌టాప్‌ల కొనుగోళ్లు చూసినంత కాలం నేను మా మేనేజర్లకి చెప్పీ చెప్పీ విసిగిపోయిన విషయం ఇది. ప్రకటించడం ఒకటి, అమ్మకానికి పెట్టడం ఒకటి, మన డీలర్ చేతికి రావడం మరొకటి. మొట్టమొదటి ఎక్స్1 కార్బన్‌నే చూడు. 2012 మే నెలలో చూపించారు, అమెరికాలో అమ్మకానికి వచ్చింది ఆగస్టులో. జనవరిలో లాస్ వెగాస్ సీఈఎస్‌లోనో, సెప్టెంబరులో బెర్లిన్ ఐఎఫ్ఏలోనో, ఆ పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనల్లో వేదికమీద చూపించిన మోడల్ ఆ నెలలోనే నీ బల్లమీదికి రాదు. మన దేశంలో అమ్మాలంటే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇక్కడి ధర ఖరారు కావాలి, ఏయే కాన్ఫిగరేషన్లు తేవాలో వాళ్లు నిర్ణయించుకోవాలి. అక్కడ చూపించిన అన్ని రకాలూ ఇక్కడికి రావు కూడా. డాలర్ ధరని గుణించుకుని బడ్జెట్ వేసుకోకు. అది సాధారణంగా అన్నిటికన్నా తక్కువ కాన్ఫిగరేషన్ ధర, పైగా పన్ను కలపనిది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కొత్తదాంట్లో నీకు ఏం కావాలి? 'తేలిగ్గా ఉంటుంది కదా' అన్నావు. నీ దగ్గరున్నది 2017 నాటి ఐదో జనరేషన్. అది 1.13 కిలోలు. మొదటిది 1.36 ఉండేది. 2024లో ప్రకటించిన పదమూడో జనరేషన్ కిలోలోపు, 986 గ్రాముల నుంచి మొదలు. ఆ 'నుంచి' దగ్గర జాగ్రత్త, నువ్వు తీసుకునే స్క్రీన్‌ని బట్టి కొంచెం పెరుగుతుంది. ఏడేళ్లలో తగ్గింది నూట యాభై గ్రాములు కూడా కాదు! ఒక జనరేషన్‌కీ తర్వాతిదానికీ మధ్య తేడా అనకాపల్లి బస్సులో నీ భుజానికి తెలియదు. నీ బ్యాగు బరువంతా ఛార్జరు, విడి నంబర్ ప్యాడు, ఫైళ్ల కట్టలదే. టైప్-సి ఛార్జర్లలో చిన్న 65 వాట్లది ఒకటి కొనుక్కుంటే అంతకన్నా తేడా తెలుస్తుంది.

నీకు నిజంగా పనికొచ్చే మార్పులు ఎప్పుడో వచ్చేశాయి. 2021లో తొమ్మిదో జనరేషన్ నుంచి స్క్రీన్ 16:10 (వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 10) అయ్యింది. నీ పాతదానికన్నా నిలువు ఎక్కువ, అంటే ఎక్సెల్‌లో మరికొన్ని వరసలు కనిపిస్తాయి. పదమూడో జనరేషన్‌లో వాడిన ఇంటెల్ లూనార్ లేక్ చిప్పులు బ్యాటరీ విషయంలో పాతవాటికన్నా బాగా ముందున్నాయి. కాబట్టి రాబోయేదాని కోసం ఆగడంలో నీకు ఒరిగే పెద్ద లాభం ఏంటంటే, అది రాగానే ఇప్పటిదాని ధర దిగడం. ఆ దిగిన ధరకి ఇప్పటి మోడల్‌ని తీసుకోవడమే నా లెక్కలో మంచి బేరం. అప్పటికి దాని డ్రైవర్లూ (లోపలి భాగాల్ని నడిపే చిన్న ప్రోగ్రాములు), బయోస్ (ఆన్ చెయ్యగానే నడిచే మూల ప్రోగ్రాము) అప్‌డేట్లూ కుదురుకుని ఉంటాయి కూడా.

కొత్తదంటే మెరుగైనదే అనుకోవద్దు. 2014లో రెండో జనరేషన్ ఎక్స్1 కార్బన్‌లో ఏం చేశారో తెలుసా? పైనున్న ఫంక్షన్ కీల వరస తీసేసి, వేలితో తాకే పట్టీ ఒకటి పెట్టారు. ప్రోగ్రాముని బట్టి దానిమీద బొమ్మలు మారేవి. క్యాప్స్ లాక్ ఉండాల్సిన చోట హోమ్, ఎండ్ కీలు. కీబోర్డు మధ్యన మౌస్‌లా పనిచేసే ఎర్ర చుక్క ఉంటుందే, దాని కింద ఉండే విడి బటన్లు కూడా పోయాయి. వేదికమీద చూసినప్పుడు ఎంత ముచ్చటగా ఉండి ఉంటుందో! నీ పని ఊహించుకో: టాలీలో పేమెంట్‌కి ఎఫ్5, రిసీట్‌కి ఎఫ్6, జర్నల్‌కి ఎఫ్7, సేల్స్‌కి ఎఫ్8, పర్చేజ్‌కి ఎఫ్9. ఎక్సెల్‌లో ఎఫ్2, ఎఫ్4 లేకుండా నీకు పూట గడుస్తుందా? కళ్లు మూసుకుని కొట్టే కీలని ప్రతిసారీ తలవంచి వెతుక్కోవాలి. జనం గోల పెట్టారు, మరుసటి ఏడాది మూడో జనరేషన్‌లో మామూలు కీలూ బటన్లూ తిరిగి వచ్చాయి. మొదటి వారంలో ఎగబడి రెండోది కొన్నవాళ్లకి మాత్రం ఆ పట్టీయే మిగిలింది. అందుకని కొత్తది వచ్చిందనగానే మొదట చిప్పు పేరు కాదు, కీబోర్డు ఫొటో చూడు. 2024 మోడళ్ల నుంచి ఎడమ మూలన ఎఫ్ఎన్, కంట్రోల్ కీలు చోట్లు మార్చుకున్నాయి. మిగతా లోకానికి అది హాయి. ఇన్నేళ్లు పాతదానికి అలవాటుపడ్డ నీ చిటికెన వేలు మాత్రం కొన్నాళ్లు తికమకపడుతుంది.

ఇంకో విషయం, ఇది చాలామంది చెప్పరు. స్నాప్‌డ్రాగన్ చిప్పులతో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు 2024 నుంచి బాగా వస్తున్నాయి. తేలిక, బ్యాటరీ రోజంతా. నీ స్నేహితురాలు అదే తీసుకోమంటోందన్నావు. తన పనికి అది సరిపోవచ్చు. నీ సంతకం టోకెన్ ఉందే, ఆ చిన్న యూఎస్‌బీ పుల్ల, దానికి డ్రైవర్ కావాలి. మామూలు ప్రోగ్రాములైతే ఆ చిప్పుల మీద ఎమ్యులేషన్‌లో (పాత చిప్పునే అనుకరిస్తూ) నడిచిపోతాయి గానీ, పాత రకం చిప్పులకి రాసిన డ్రైవర్లు నడవవు. ఆర్మ్, అంటే ఈ స్నాప్‌డ్రాగన్ రకం చిప్పుల కోసం విడిగా రాసినవే కావాలి. టోకెన్ ఇచ్చినవాళ్లు అలాంటి డ్రైవర్ ఇస్తామని రాతలో చెప్పేదాకా దాని జోలికి పోకు. రిటర్ను ఎక్కించే రోజు రాత్రి సంతకం పడకపోతే రోజంతా నిలిచే బ్యాటరీ ఏం చేసుకుంటావు? అదే చేత్తో, కొత్త మోడల్‌లో ఆ టోకెన్ గుచ్చే పాత రకం వెడల్పు యూఎస్‌బీ-ఏ పోర్టు ఉందో లేదో కూడా చూసుకో. ఒక మార్పిడి ముక్క మీద ఆధారపడితే, అది క్లయింట్ ఆఫీసులోనే మర్చిపోతావు, నాకు తెలుసు.

కాన్ఫిగరేషన్ దగ్గర మొహమాటపడకు. మెమరీ 32 జీబీ తీసుకో. ఎక్స్1 కార్బన్‌లో తర్వాత పెంచుకునే వీలు లేదు. లూనార్ లేక్‌లో అయితే మెమరీ చిప్పుతోనే కలిసి వస్తుంది. అక్కడ ఒక చిన్న కిటుకు: కోర్ అల్ట్రా 258వి అంటే 32 జీబీ, 256వి అంటే 16. చివరి అంకె 8 అయితే 32, 6 అయితే 16. తక్కువ ధర కొటేషన్ చూసి మురిసిపోయే ముందు ఆ అంకె చూడు. ఎస్ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) చిన్నది తీసుకున్నా ఫర్వాలేదు, రేపు మార్చుకోవచ్చు. వీప్రో అనే ఇంటెల్ అదనపు సౌకర్యం నీకు అక్కర్లేదు, అది వందల మెషీన్లు చూసుకునే ఐటీ విభాగాల కోసం. స్క్రీన్ ఓలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) వద్దు. సినిమాకి ఎంత బాగున్నా, నీ రోజంతా తెల్లటి ఎక్సెల్ పేజీలే. తెలుపు చూపించడానికి ఓలెడ్ ఎక్కువ కరెంటు తాగుతుంది. కాంతి తళతళలాడని మామూలు ఐపీఎస్ రకం తెర చాలు.

ఎక్స్1 కార్బన్ అన్న పేరు ఒక్కటే, లోపల సరుకు పది రకాలు. కాబట్టి కొటేషన్‌లో పేరు కాదు, పార్ట్ నంబర్ రాయించుకో. లెనోవో పీఎస్ఆర్ఈఎఫ్ అనే వెబ్‌సైట్లో తన స్పెసిఫికేషన్లన్నీ బయట పెడుతుంది. ఆ నంబర్ అక్కడ కొడితే మెమరీ, స్క్రీన్, పోర్టులు, వారంటీ అన్నీ కనిపిస్తాయి. డీలర్ నోటిమాటకీ దానికీ తేడా ఉంటే దాన్నే నమ్ము. వారంటీ మూడేళ్లు, మనిషి ఇంటికొచ్చి బాగుచేసే రకం తీసుకో. మెషీన్‌కి మూడేళ్లున్నా బ్యాటరీకి ఏడాదే ఉండటం మామూలు. దాన్ని పొడిగించే ప్లాన్ ఉంటే కొన్నప్పుడే అడుగు. పాత జనరేషన్ స్టాకు తీసుకుంటే, డబ్బు కట్టే ముందు సీరియల్ నంబర్‌తో వారంటీ ఎప్పుడు మొదలైందో చూడు. గోడౌన్లో కూర్చున్న నెలలు అందులోంచి కరిగిపోయి ఉంటే, బిల్లు తారీఖు నుంచి మార్పించి ఇవ్వమను.

మీ అన్నయ్య అమెరికా నుంచి తెస్తానన్నాడని మీ అమ్మ చెప్పింది. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ బిల్లు వాడి పేరున ఉంటుంది. నీ జీఎస్టీ నంబర్‌తో ఇక్కడ కొంటే, లక్షన్నర ధరకి 18 శాతం, అంటే 27,000 నీకు క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. పుస్తకాల్లో తరుగుదల కూడా చూపించుకోవచ్చు. వాడు తెచ్చినదాంట్లో ఈ రెండూ లేవు, సర్వీస్ దగ్గర ఇంకో తలనొప్పి. వాణ్ణి పిల్లలకి చాక్లెట్లు తెమ్మను.

చివరిగా, నువ్వు పట్టించుకోని విషయం. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజారులో సెకండ్‌హ్యాండ్‌గా కొన్న నీ మెషీన్‌లో ఉన్నది ఏడో తరం ఇంటెల్ చిప్పు. విండోస్ 11కి అధికారికంగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అందులో యాభై మంది పాన్ నంబర్లూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ పెట్టుకుని 'ఇంకొంచెం ఆగుదాం' అనడం నాకు నచ్చలేదు. ఆగినన్నాళ్లూ క్లయింట్ల ఫైళ్లకి బయట ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని) బ్యాకప్ తీస్తూ ఉండు, తెలియని మెయిల్ అటాచ్‌మెంట్ దాంట్లో తెరవకు.

ఇంకోటి. 2018 ఫిబ్రవరిలో లెనోవో ఐదో జనరేషన్ ఎక్స్1 కార్బన్‌లని కొన్నిటిని వెనక్కి పిలిచింది. లోపల సరిగ్గా బిగించని స్క్రూ ఒకటి బ్యాటరీని దెబ్బతీసి వేడెక్కించే ప్రమాదం ఉందని. 2016 డిసెంబరు నుంచి 2017 అక్టోబరు మధ్య తయారైనవవి. నీది సెకండ్‌హ్యాండ్ కాబట్టి పాత యజమాని చూపించాడో లేదో తెలియదు. రేపు పొద్దున్న వెనక అట్ట మీద తయారీ తారీఖు, సీరియల్ నంబర్ చూసి నాకు ఫొటో పంపు. ఆ మధ్యలోదైతే సర్వీస్ సెంటర్లో చూపించేదాకా రాత్రిళ్లు ఛార్జింగ్‌లో వదిలెయ్యకు. కొత్తది వచ్చాక దీన్ని తమ్ముడికి ఇద్దామనుకున్నావుగా, ఆ పరీక్ష అయ్యాకే ఇవ్వు.

జులై ఆఖర్లో ఇద్దరు డీలర్ల దగ్గర కొటేషన్లు తీసుకో, ఇప్పటి మోడల్‌కి ఒకటి, కొత్తది వచ్చి ఉంటే దానికొకటి. పార్ట్ నంబర్లతో సహా పంపితే నేను చూసి చెప్తాను.

మీ మావయ్య